తాళాలు తీసిన ఇల్లు

ఆ రోజు సిద్దిపేటలో కాశీనాథం ఇంట్లో ఏడుగురు ఉన్నారు. ముందు వసారాలో కాశీనాథం. బట్టల దుకాణం తెరవకుండా, కండువా కొస నోట్లో పెట్టుకొని కూర్చున్నాడు. నడింట్లో అతని తల్లి కౌసల్యమ్మ, నడుముకు వేలాడే తాళాలగుత్తితో. ఆమె వెనకాలే, వదిన కానుపుకు సాయంగా మెట్టినింటి నుంచి వచ్చిన కూతురు ప్రమీలాదేవి. పెరట్లో కాగు కింద మంట ఎగదోస్తూ పనిమనిషి ఎల్లవ్వ. పెరటివైపు చివరి గదిలో, గడ్డి మీద గోనెపట్టా పరిచిన పడకపైన, నిన్న పొద్దుటి నుంచి నొప్పులు పడుతున్న కోడలు రాధాబాయి. ఆమె మోకాళ్ల దగ్గర చిన్నకోడూరు మంత్రసాని బుచ్చవ్వ. గది మూలలో, గోడలో కలిసిపోతే బాగుండునన్నట్టు నిలబడిన బుచ్చవ్వ మనుమరాలు దీనమ్మ, పదిహేనేళ్లది.

ఎనిమిదో మనిషి రావాలి. వస్తే ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. ఇంతకుముందు ఇదే గదిలో ఇద్దరు పుట్టారు. ఇద్దరూ ఎనిమిదో నాడో తొమ్మిదో నాడో దౌడలు బిగుసుకుపోయి, పాలు పట్టలేక కన్నుమూశారు. అందుకే ఈసారి ఊళ్లో మంత్రసానులను కాదని కాశీనాథం తెల్లవారకముందే చిన్నకోడూరుకు బండి పంపాడు. బుచ్చవ్వ చేతిలో పడ్డ పిల్ల బతుకుతుందని ఆ చుట్టుపక్కల పేరు.

ఆ చెయ్యి ఇప్పుడు పనిచేయదని దీనమ్మ ఒక్కదానికే తెలుసు. వాన మొదలైన నెలలో పొలంగట్టు మీద జారి పడ్డప్పటి నుంచి బుచ్చవ్వ కుడి మణికట్టు వంగదు, వేళ్లు ముడుచుకోవు. పొద్దున బండిలో వస్తూ ఆ చేతిని కొంగు కింద దాచుకొని, ఎద్దులు తోలేవాడికి వినబడకుండా చెప్పింది.

"నా కండ్లు పనిచేస్తయి, నా బుద్ధి పనిచేస్తది. వేళ్లే లేవు. నీ వేళ్లు సన్నగ ఉన్నయి. నేను చెప్పినట్టు చెయ్యి."

"నాతోని కాదు నాయినమ్మా."

"నాతోని గూడ కాదు. అందుకే ఇద్దరం పోతున్నం."

దీనమ్మకు మాట రాలేదు. ఆ పిల్లకు మాట రాకపోవడం కొత్త కాదు. వాడలోని బడిలో నాలుగు తరగతులు చదివింది, ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తుంది. కానీ ఆదివారం ప్రార్థనలో వాక్యం చదవమంటే రెండో మాటకే గొంతు లోపలికి పోతుంది. తండ్రి ఇశ్రాయేలు నవ్వేవాడు, "మా దీని మాటలన్నీ కాగితం మీదనే పుడతయి" అని.

రాధాబాయి మళ్లీ అరిచింది. ఈసారి అరుపులో బలం లేదు.

బుచ్చవ్వ ఎడమ అరచెయ్యి పొట్టమీద పెట్టి కళ్లు మూసుకొని చూసింది. తర్వాత గడప వైపు తిరిగింది. గడప అవతల కౌసల్యమ్మ నిలబడి ఉంది. పురిటి గదిలోకి ఆమె రాకూడదు.

"సావుకారమ్మా, ఇంట్ల తాళాలన్నీ తియ్యించుర్రి. పెట్టెలు, అల్మారలు, గాదెలు. ఏడ ముడి ఉంటే ఆడ విప్పుర్రి. బిడ్డకు తొవ్వ దొరుకుత లేదు."

ఆ ఇంట్లో తాళాలు అంత తేలికగా తెరుచుకునేవి కావు. కౌసల్యమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ గుత్తి అత్త నడుము మీద, అత్త పోయాక తన నడుము మీద ఉంది. అయినా ఆమె చెయ్యి నడుము మీదికి పోయింది. గుత్తి విప్పి సగం కూతురికి ఇచ్చింది. ఇద్దరూ చెరో దిక్కు పోయారు. పెట్టెల మూతలు లేచిన చప్పుడు, అల్మారాలు కీచుమన్న చప్పుడు, గాదె పలక పక్కకు జరిపిన చప్పుడు గదిలోకి వినబడుతూ వచ్చాయి. కాశీనాథం వీధిలోకి పరుగెత్తి దుకాణం తాళం తీసి, తలుపు బార్లా పెట్టి వచ్చాడు. ఎల్లవ్వ ఆవు మెడ పలుపు కూడా విప్పింది. తర్వాత తడి చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చి దీనమ్మ జడ పట్టుకుంది.

"నీ జడల గూడ ముడులే గద పిల్లా. నోట్ల గూడ ముడి పడ్డట్టుంది, పొద్దటి సంది ఒక్క మాట ఇనలే."

జడ విప్పి వెంట్రుకలను వీపు మీదికి వదిలింది. దీనమ్మ తల వంచుకొని నిలబడింది.

అప్పుడు ప్రమీలాదేవి గడప దగ్గరికి వచ్చింది. "అవ్వా, దేవుని గూట్ల ముడుపు ఉన్నది. కొమురెల్లి మల్లన్నకు మొక్కి కట్టింది. అది గూడ ముడే. విప్పాల్నా?"

కౌసల్యమ్మ ముఖం తెల్లబోయింది. బిడ్డ బతికితే గుడికి తీసుకుపోయి విప్పాల్సిన ముడుపు అది. ముందే విప్పితే మొక్కు తప్పినట్టు. విప్పకపోతే ఇంట్లో ముడి మిగిలినట్టు. ఆమె ఎటూ చెప్పలేక, జీవితంలో మొదటిసారి ఒక మాల మంత్రసాని ముఖంలోకి చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

"విప్పద్దమ్మా," అంది బుచ్చవ్వ. "మన ముడులు మనం విప్పినం. గది దేవుని చేతుల పెట్టిన ముడి. ఆయన చేతుల ఉన్నదానికి మనం చెయ్యి పెట్టద్దు."

కౌసల్యమ్మ తల ఊపింది. గడప పక్కనే కూలబడి, ఖాళీ అయిన నడుమును తడుముకుంటూ ఉండిపోయింది.

*

పొద్దు నడినెత్తికి రాకముందే తల కనిపించింది.

"దీనీ, ఇటు రా."

దీనమ్మ కాళ్లు కదలలేదు. ఎల్లవ్వ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. బుచ్చవ్వ చెప్పినట్టు మరిగిన నీళ్లు చల్లారబెట్టిన గిన్నెలో చేతులు మోచేతుల దాకా కడుక్కొని మోకాళ్ల మీద కూర్చుంది. రాధాబాయి ముఖం చూడలేదు. చూస్తే తన వల్ల కాదని తెలుసు.

తల బయటికి వచ్చింది. అంతే, ఆగిపోయింది. చిన్న ముఖం, నేరేడుపండు రంగు. మెడ చుట్టూ బొడ్డుతాడు రెండు చుట్లు.

బుచ్చవ్వ కుడిచేతి వేలు తాడు కిందికి పోనివ్వడానికి చూసింది. వేలు వంగలేదు. మళ్లీ చూసింది. జారిపోయింది. ఆమె నుదుటి మీద చెమట బొట్టు బొట్టుగా కారింది. అయినా గొంతులో కంగారు లేదు. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అంది:

"నా చేతకాదు తండ్రీ. నీ చెయ్యి పెట్టు."

తర్వాత దీనమ్మతో, "నీ చూపుడువేలు. తాడు కిందికెళ్లి పోనియ్యి. గుంజకు. తల మీదికెళ్లి దాటియ్యి, మెడల దండ తీసినట్టు."

దీనమ్మ వేలు పెట్టింది. వేలి కింద తాడు కొట్టుకుంటోంది. టక్, టక్, టక్. ఆ పిల్ల ఒక్క క్షణం అన్నీ మరిచిపోయింది. ఏదో నరం, ఏదో మాంసం అనుకొని ముట్టుకుంది. అక్కడ ఒక బతుకు నడుస్తోంది. ఇంకా ఊపిరి పీల్చని మనిషి, పేరు లేని మనిషి, తన వేలి మీద కొట్టుకుంటోంది. ఎవరు కొట్టిస్తున్నారు దీన్ని? చీకట్లో ఇన్ని నెలలు ఎవరు ఆగకుండా నడిపించారు? చేతిలో వణుకు ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియదు. వణుకు ఆగిందని కూడా తర్వాతే గుర్తొచ్చింది.

మొదటి చుట్టు దాటింది. రెండోది బిగువుగా ఉంది. వేలు చాలకపోతే రెండు వేళ్లు పెట్టింది. రాధాబాయి గట్టిగా మూలిగింది.

"ఓపిక పట్టు బిడ్డా, అయిపాయె, అయిపాయె," అంటోంది బుచ్చవ్వ.

రెండో చుట్టు కూడా దాటింది. భుజం తిరిగింది. తర్వాత అంతా ఒక్కసారే, వెచ్చగా, జారుతూ దీనమ్మ చేతుల్లోకి వచ్చి పడింది.

ఏడుపు లేదు.

ఇల్లంతా ఆగిపోయినట్టయింది. పెట్టెలన్నీ నోళ్లు తెరుచుకొని వింటున్నాయి. ఎల్లవ్వ చేతిలోని చెంబు ఒంగిపోయి నీళ్లు నేల మీద పారుతున్నాయి, ఆమెకు తెలియదు.

"కొయ్యద్దు. తాడు ఇంక కొట్టుకుంటున్నది, కొట్టుకున్నంతసేపు పైవాడు విడువలే. నోరు తుడువు. బోర్ల పండవెట్టు. వీపు రుద్దు."

దీనమ్మ రుద్దింది. అరచేతికి సరిపోయేంత వీపు. ఉడికించిన పాత గుడ్డతో నోరు తుడిచి మళ్లీ రుద్దింది. పెదవులు కదులుతున్నాయి. ఆదివారం పదిమంది ముందు రాని మాటలు, ఇప్పుడు నాయినమ్మ మాటలే, చప్పుడు లేకుండా వస్తున్నాయి: నీ చెయ్యి పెట్టు, నీ చెయ్యి పెట్టు.

వీపు ఒక్కసారి ముడుచుకుంది. పిల్లికూన అరిచినట్టు సన్నని కూత. తర్వాత ఏడుపు, ముందు తెగుతూ తెగుతూ, తర్వాత ఇల్లు దద్దరిల్లేలా. నేరేడు రంగు పోయి ఎరుపు ఎక్కింది, తల నుంచి కాళ్ల దాకా, ఎవరో లోపల దీపం వెలిగించినట్టు.

వసారాలో కాశీనాథం పెద్దగా ఏడ్చాడు. గడప అవతలి నుంచి కౌసల్యమ్మ అడిగింది:

"ఏందే?"

"ఆడపిల్ల సావుకారమ్మా."

"ఏదైతేంది. ఏడుస్తున్నది గద."

తాడు కొట్టుకోవడం ఆగాక, మరిగే నీళ్లలో ఉడికించిన దారంతో దీనమ్మే ముడి వేసింది. ఆ రోజు ఆ ఇంట్లో కొత్తగా పడ్డ ముడి అదొక్కటే.

మధ్యాహ్నం పెరట్లో చేతులు కడుక్కుంటూ నాయినమ్మను అడిగింది, "తాళాలు తీస్తే నిజంగ తొవ్వ దొరుకుతదా?"

"ఏమో బిడ్డా," అంది బుచ్చవ్వ. "తాళాలు తీసేటోళ్ల చేతులకు పని దొరుకుతది. ఏడ్వకుంట ఉంటరు." తెరిచి ఉన్న తలుపుల వరుసకేసి చూసింది, పెరట్లో నుంచి వీధి దాకా, ఒకదాని వెనక ఒకటి. "కని సూడు, ఇల్లు ఎంత మంచిగున్నదో."

*

పదిరోజులు ఆ గదిలో బుచ్చవ్వ మాటే మాట. మైల గదిలోకి ఇంటివాళ్లు రారు. మంత్రసాని రావాలి, స్నానం చేయించాలి, పొగ వేయాలి. నాయినమ్మ, మనుమరాలు పెరటి పాకలో పడుకొని, పొద్దున్నే గదిలోకి వెళ్లేవారు. దీనమ్మ కాళ్లు చాపుకొని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసేది. ఆ గదిలో రాధాబాయి ఆమె చెయ్యి పట్టుకొని లేచేది, ఆమె భుజం మీద వాలి కూర్చునేది.

మూడో రోజు కౌసల్యమ్మ గడప దగ్గర మోదుగాకు పెట్టింది. ఆకులో జల్లించిన పిడక బూడిద, పిండిలా మెత్తగా.

"బొడ్డుకు అద్దు. ఎండుతది."

"వద్దు సావుకారమ్మా. నూనెచుక్క గూడ వద్దు. దానంతటదే ఎండనియ్యుర్రి."

"మా ఇంట్ల అందరికీ అద్దినం. ముందటి ఇద్దరికీ నా చేతులతోని నేనే జల్లించి ఇచ్చిన."

"ఆ ఇద్దరు ఏరి?"

మాట బాణంలా పోయింది. కౌసల్యమ్మ ఆకును ఇంకా ముందుకు తోసింది. "వాళ్ల రాత. దిష్టి తగిలింది. బూడిద ఏం జేసిందే?"

"ఏం జేస్తదో నాకు గూడ తెల్వకుండె. మెదకు మిషను దవాఖానకు కట్టెలు మోసిననాడు ఆడి దొరసానమ్మ చెప్పింది. గప్పటికే నా పెద్దబిడ్డను నా చేతులతోని మన్నుజేసిన. తొమ్మిదో నాడు, దౌడలు పడిపోయి." బుచ్చవ్వ కౌసల్యమ్మ కళ్లలోకి చూసింది. "తిట్టేటందుకు అంటలేనమ్మా. నేను ఏడ్చిన ఏడుపు మీరు మూడోపారి ఏడ్వద్దని అంటున్న."

కౌసల్యమ్మ ఆకు తీసుకొని వెళ్లిపోయింది. నమ్మిందో లేదో ముఖంలో కనిపించలేదు.

ఆ సాయంత్రం రాధాబాయి దీనమ్మను అడిగింది. "ఆనాడు మీ నాయినమ్మ ఏమో అనుకుంట ఉండె. ఏందది?"

దీనమ్మ గుసగుసగా చెప్పింది. "నా చేతకాదు, నీ చెయ్యి పెట్టు, అని."

"ఎవలతోని?"

"దేవునితోని."

"ఏ దేవునితోని?"

దీనమ్మ తల వంచుకొని పొత్తిగుడ్డలు మడత పెట్టసాగింది. రాధాబాయి పిల్లను ఎదకు అదుముకొని కళ్లు మూసుకుంది. "ఎవలైతేంది. పెట్టిండు."

ఎనిమిదో రోజు గడిచింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. ప్రతి గడియకూ గడప అవతల నుంచి కౌసల్యమ్మ గొంతు: "పాలు పడుతున్నదా? నోరు తెరుస్తున్నదా?" తొమ్మిదో రోజు గడిచింది. పదోరోజు బొడ్డు ఊడింది. కింద పుండు ఇంకా తడిగా, కందిగింజంత, ఎర్రగా ఉంది.

"ఇంక నాలుగు దినాలు పొడిగ ఉండాలె," అంది బుచ్చవ్వ. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నిట్టూర్చింది. "రేపు పురుడు."

ఆ నిట్టూర్పు అర్థం దీనమ్మకు మర్నాడు తెలిసింది.

*

పదకొండో రోజు పురుడు, మైల కడిగే రోజు. ఇల్లు కడిగారు. గది అలికారు. గోనెపట్టా, గడ్డి పెరటి అవతల కాల్చేశారు. అయ్యగారు వచ్చి మంత్రం చదివి నీళ్లు చల్లారు. చుట్టాలు వచ్చారు, మామిడాకులు కట్టారు. నాయినమ్మ, మనుమరాలు పొద్దున్నే పాక ఖాళీ చేసి సందులో బండి దగ్గర కూర్చున్నారు.

"నీళ్లు పొయ్యొద్దా నాయినమ్మా?"

"ఇయ్యాల్టి సంది వాళ్లే పోసుకుంటరు. పురుడైనంక మనం గడప తొక్కద్దు. మనం తాకద్దు." బుచ్చవ్వ ఈ మాట చాలాసార్లు, చాలామందితో చెప్పినట్టు చెప్పింది. "నువ్వు పోయి మెట్టు కింద నిలవడు. చాట ఇస్తరు. నా చేత చాట ఆగదు. తల ఎత్తకు, పట్టుకొని రా."

దీనమ్మ పెరటి మెట్టు కింద నిలబడింది. తలుపు తెరిచే ఉంది. లోపల నడింట్లో ఆడవాళ్లంతా కూర్చున్నారు. రాధాబాయి పసుపుచీర కట్టుకొని, తల దువ్వుకొని, కొత్త మనిషిలా ఉంది. ఒకసారి దీనమ్మను చూసింది. చూసి కళ్లు దించుకుంది.

ఎల్లవ్వ చాట తెచ్చి మెట్టు మీద పెట్టింది. బియ్యం, బెల్లం, కంట్రోలు ధరకు దొరికే ముతక చీర ఒకటి.

"తీసుకొని పో పిల్లా," అంది మెల్లగా.

దీనమ్మ వంగింది. వంగినప్పుడే కనిపించింది. కౌసల్యమ్మ కోడలి ముందు కూర్చొని పిల్ల పొత్తిగుడ్డ విప్పుతోంది. ఆమె పక్కన మోదుగాకు. ఆకులో మెత్తటి బూడిద. ఆమె వేళ్లు ప్రేమగా, మెల్లగా, చిటికెడు తీసి అరచేతిలో వేసుకున్నాయి. మళ్లీ ఒక చిటికెడు.

దీనమ్మ వెనక్కి తిరిగి చూసింది. నాయినమ్మ సందు మలుపులో, బండి అవతల. పిలిస్తే వినబడదు. పరుగెత్తి పోయి వచ్చేసరికి అయిపోతుంది. రాధాబాయి తలవంచుకొని ఉంది. పెదవి పంటి కింద పెట్టుకుంది. అత్త చేతిని ఆపే ధైర్యం ఆమెకు లేదు.

చాట దీనమ్మ చేతుల్లో ఊగింది. బియ్యం గింజలు రాలాయి. గొంతు ఎప్పటిలాగే లోపలికి పోయింది. లోపల పదిమంది ఉన్నారు, ముత్తయిదువలు, అయ్యగారు, గొప్పింటి మనుషులు. ఆమె మెట్టు కింద ఉంది.

నా నోరు లేవదు తండ్రీ, అనుకుంది.

అంతే అనుకుంది. అనుకున్న తర్వాత ఏమైందో ఆమెకు తర్వాత కూడా సరిగా చెప్పడం రాలేదు. వేలి కింద ఆ తాడు కొట్టుకున్నట్టే గొంతులో ఏదో కొట్టుకుంది. అది తనది కాదు.

"సావుకారమ్మా!"

ఇల్లంతా తిరిగి చూసింది.

"అద్దద్దు! పుండు తడిగున్నది. బూడిద అద్దితే దౌడలు పడ్తయి. ముందటి ఇద్దరి లెక్కనే పోతది. నాలుగు దినాలు, ఉత్తగ ఉంచుర్రి. నన్ను లోపలికి రానియ్యకుర్రి, ముట్టనియ్యకుర్రి, చాట గూడ నాకు వద్దు. బిడ్డకు అద్దకుర్రి!"

ఆ గొంతు పెరడు దాటి సందులోకి పోయింది. గోడ మీది కాకి లేచిపోయింది. ఎవరో ముత్తయిదువ, "ఎవలే ఇది, ఇంత నోరేంది దీనికి?" అంది. ఎల్లవ్వ మాత్రం రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

కౌసల్యమ్మ అరచేతిలో బూడిద అట్లాగే ఉంది. ఆమె దాన్ని చూసింది. పిల్లను చూసింది. ఎంతసేపు చూసిందో. తర్వాత ఒక చెయ్యి నేలకు ఆన్చి, మోకాలు పట్టుకొని లేచింది. నడుము మీద తాళాలగుత్తి గలగలమంది; ఇంట్లో పెట్టెలన్నీ మళ్లీ మూసే ఉన్నాయి. అందరూ దారి ఇచ్చారు. ఆమె నడిచి వచ్చి గడప లోపల నిలబడింది. దీనమ్మ తల ఎత్తే ఉంది. దించాలని గుర్తు రాలేదు.

కౌసల్యమ్మ చెయ్యి గడప మీదుగా బయటికి చాపి, అరచెయ్యి బోర్లించింది. బూడిద దీనమ్మ పాదాల మీద రాలింది, వెచ్చగా. ఆమె రెండు అరచేతులూ దులుపుకుంది, గోళ్ల సందులు కూడా, ఒక్క రవ్వ మిగలకుండా. ఆకు కూడా తెప్పించి బయటికి విసిరింది.

తలుపు రెండు రెక్కలూ పట్టుకొని దగ్గరికి లాగింది. సన్నబడుతున్న సందులోంచి దీనమ్మకు రాధాబాయి ఒడి కనిపించింది, ఒడిలో పిల్ల. పిల్ల నోరు తెరిచి ఆవలించింది, చిగుళ్లు కనబడేలా, ఎంత పెద్దగా తెరవగలదో అంత పెద్దగా.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.